చాలు అనేదాకా

దయ్యాలంటే నాకు భయం ఎప్పుడూ లేదు. కోపం ఉండేది. మదురై పక్క మా ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా వేపమండలు పట్టుకుని బయల్దేరే మంత్రగాళ్ళ మీద కోపం. టీవీలో గడ్డం కింద దీపం వెలిగించుకుని కథలు చెప్పేవాళ్ళ మీద కోపం. వాటిని నోరు తెరుచుకుని చూసే చదువుకున్నవాళ్ళ మీద ఇంకా కోపం.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అదీ తమిళ బడి. ఇంట్లో మేము మాట్లాడే మాటకు రాత అనేది ఒకటి ఉందని నాకు తెలిసిందే తిరుపతికి పోయే రైల్లో, స్టేషన్ల పేర్లు చూసి. తర్వాత పాత పంచాంగాలు, వారపత్రికలు దగ్గర పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. మీవైపు వాళ్ళు మా తెలుగు విని నవ్వుతారు. నవ్వండి. అడిగి తీసుకున్న భాష కాదు, పోగొట్టుకోకుండా దాచుకున్న భాష.

అలా సొంతంగా చదువుకున్న చదువుతో నేను తేల్చుకున్నది ఒక్కటే. పోయినవాళ్ళు పోయినట్టే. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఇది రాయడం లేదు. నా కళ్ళ ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను. దానికి కారణం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ముందు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి.

ఎన్నో తరాల కిందట మా పెద్దలు ఉత్తరం నుంచి దిగివచ్చేటప్పుడు దారిలో నీళ్ళు లేని మెట్టనేల దాటవలసి వచ్చిందట. ఇంటి పెద్దకోడలు కుండ పట్టుకుని ఒక్కొక్కరి దోసిట్లో నీళ్ళు పోసిందట. ప్రతి ఒక్కరూ "చాలు" అనేదాకా పోసిందట. అందరూ చాలు అన్నాక చూస్తే కుండలో ఆమెకు చుక్క మిగల్లేదు. ఆమే మా ఇలవేల్పు. ఆమెకు పేరు కూడా లేదు. అవ్వ అంటాం, అంతే.

కథ నిజమో కాదో నాకు తెలియదు. పద్ధతి మాత్రం నిజం. మా ఇంట్లో నీళ్ళు అడిగినవాళ్ళకు "లేవు" అనకూడదు. కుండ ఖాళీగా ఉన్నా "తెస్తా ఉండా" అనాలి. పోసేవాళ్ళు మధ్యలో ఆపకూడదు. తాగేవాళ్ళు తమ నోటితో "చాలు" అనాలి. నేను దేవుడికి దండం పెట్టని మనిషినే అయినా ఈ ఒక్కటి తప్పలేదు. తప్పడానికి ఇందులో మూఢనమ్మకం ఏముంది? మర్యాద ఉంది.

మేలూరు దగ్గర మా ఊరి వెనక ఒక రాతికొండ ఉండేది. దాని నడుమున బండలో తొలిచినట్టు ఒక చిన్న నీటిగుంట. సునై అనేవాళ్ళం. అవ్వ ఆగింది అక్కడే అని చెప్పుకుంటారు. ఏడాదికొకసారి ఇంటిల్లిపాదీ ఎక్కి ఆ నీళ్ళు ఒకరికొకరం పోసుకుని దిగేవాళ్ళం. నా ఒక్కగానొక్క కొడుకు రంగా రాయి ఎక్కడం నేర్చింది ఆ కొండ మీదే. మిగతా పిల్లలు మెట్లదారిన వస్తుంటే వాడు చెప్పుల్లేకుండా బండను వాటేసుకుని వేళ్ళతో ఎక్కేవాడు. వాళ్ళమ్మ కింద నిలబడి తిడుతూ ఉండేది. పైకి చేరాక ముందు నీళ్ళు అడిగేది కూడా వాడే. రెండు చెంబులు అయ్యేదాకా "చాలు" అనేవాడు కాదు.

ఆ కొండ ఇప్పుడు లేదు. గ్రానైట్ క్వారీ వాళ్ళు దాన్ని పలకలు పలకలుగా కోసుకుపోయారు. సునై ఉన్న చోట ఇప్పుడు పెద్ద గొయ్యి. నేను అర్జీలు పెట్టాను, ఆఫీసుల గడపల మీద కూర్చున్నాను. "పట్టా భూమి కాదు గదా తాతా, నీకేం నష్టం" అన్నారు. ఏం నష్టమో చెప్పడానికి వాళ్ళ దరఖాస్తులో గడి లేదు. మా కొండ ఎవరెవరి వంటింటి గట్టు అయ్యిందో తెలియదు. కోయంబత్తూరులో రంగా కట్టుకున్న ఇంట్లో కూడా వంటింటి గట్టు గ్రానైటే. నేను దాని మీద నా నీళ్ళ చెంబు పెట్టను.

రంగాకు కోయంబత్తూరులో ఉద్యోగం. బావుల్లోంచి నీళ్ళు తోడే మోటార్లు చేసే ఫ్యాక్టరీ. వాళ్ళమ్మ పోయాక నన్నూ తీసుకొచ్చి తన దగ్గరే పెట్టుకున్నాడు. కోడలు విజయ నన్ను కన్నతండ్రిలా చూసుకుంటుంది. ఆదివారం వస్తే రంగా, వాడి స్నేహితుడు సెల్వం, సెల్వం భార్య మల్లిక తాళ్ళు భుజాన వేసుకుని ఏదో ఒక బండ వెతుక్కుంటూ పోయేవాళ్ళు. సెల్వం వాళ్ళు తమిళులు. మా ఇంటికి వచ్చి వచ్చి సెల్వానికి మా తెలుగు పట్టుబడింది.

ఉన్నట్టుండి రంగా కాళ్ళు వాచాయి. కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలిసిస్. వేరే కిడ్నీ దొరికేదాకా ఇంతే అన్నారు. దానితో పాటు ఇంకొక మాట అన్నారు. ఒంట్లోంచి నీరు బయటికి పోదు గనక నీళ్ళు తాగడం తగ్గించాలి. ఒక చిన్న స్టీలు సీసా పెట్టుకుని, అందులో పట్టినంతే రోజంతటికీ. సాంబారులో తడి కూడా లెక్కలోకే వస్తుంది.

ఎవరింట్లోనైనా అది కష్టమే. మా ఇంట్లో ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి.

వాడు "విజీ, నీళ్ళు" అనేవాడు. విజయ "తెస్తా ఉండా" అనేది. వేరే మాట మా ఇంట్లో లేదు గదా. ఒక ఐసుముక్క గిన్నెలో వేసి తెచ్చేది. వాడు దాన్ని బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. చాలు అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. ఎట్లా అంటాడు? విజయ వాడి ఎదుట నీళ్ళు తాగడం మానేసింది. కొళాయి చప్పుడు కూడా వాడికి వినబడకూడదని దాని మూతికి గుడ్డ కట్టి బిందె పట్టేది.

ఆ రోజుల్లోనే రంగా ఒక ఎడారి ప్రయాణం మొదలుపెట్టాడు. కాళ్ళతో కాదు, మాటలతో.

రాజస్థాన్‌లో జోధ్‌పూర్ దాటి పోతే ఎడారి మధ్యలో ఎర్రని రాతికొండలు ఉన్నాయట. ఫోన్‌లో ఫోటోలు చూపించాడు.

"చూడు నైనా, ఎట్లా ఉండాదో. ఎవరూ కోయలేదు."

"నీళ్ళు లేని చోటికి పోయి ఏం చేస్తావురా?" అన్నాను.

"ఎక్కుతా. కిడ్నీ దొరికినాక చలికాలం చూసి పోతాం. పెద్ద కష్టమైన ఎక్కుడు కాదు. నడిమిరకం. నువ్వూ వస్తావు."

"నేనా? నాకు ఎనభై దగ్గర పడింది."

"నీకు వెనకవైపు నడకదారి పెట్టినా. పంచె మాత్రం వొద్దు నైనా. ఒంటెలు నవ్వుతాయి."

"నవ్వితే నవ్వనీ. వాటి నోళ్ళు చూసి నేను నవ్వనా?"

వాడు చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు కోసం తర్వాత రోజూ ఆ ప్రయాణం గురించి నేనే ఎత్తేవాణ్ణి.

డయాలిసిస్ కుర్చీలో కూర్చుని, ఒక చేతికి గొట్టాలు ఉంటే, రెండో చేత్తో లెక్కలు వేసేవాడు. ఏ కొండ ముందు ఎక్కాలి, మధ్యాహ్నం ఎండకు ఏ బండ నీడన ఆగాలి, తాడు ఎంత పొడవు కావాలి, మల్లికకు బూట్లు ఎక్కడ కొనాలి. సెల్వం పక్కన కూర్చుని "ఇదెందుకు, అదెందుకు" అని వాదించేవాడు. ఇద్దరూ బిగ్గరగా వాదించుకుంటుంటే నర్సు వచ్చి కసిరేది. నీళ్ళ విషయానికి వచ్చేసరికి సెల్వం తల దించుకునేవాడు. మనిషికి ఎన్ని క్యాన్లు అని రంగానే ధారాళంగా చెప్పేవాడు.

"నీళ్ళలో మాత్రం పిసినారితనం వొద్దు రా. మిగిలితే ఒంటెకు పోద్దాం."

ఇంకొక ఏర్పాటు కూడా చేశాడు. బండ ఎక్కి తాడు మీద దిగిన ప్రతివాళ్ళకూ దిగిన చోటనే నైనా, అంటే నేను, నీళ్ళు పోయాలి. దోసిట్లో. మా ఇంటి పద్ధతిలో. ముందు సెల్వం, తర్వాత మల్లిక, కడాన తను. "నేను కడాన ఎందుకంటే, నేను తాగితే మీకు మిగలవు" అన్నాడు.

కిడ్నీ దొరకలేదు. దొరకలేదని ఒక్క ముక్కలో రాశాను గానీ, ఆ ఎదురుచూపు రాయడానికి నాకు వచ్చిన అక్షరాలు సరిపోవు.

ఒకనాడు మధ్యాహ్నం నీళ్ళు అడిగాడు. విజయ తెస్తా ఉండా అని ఐసుముక్క తెచ్చింది. వాడు గిన్నెలోకి చూసి, ఆమె మొహంలోకి చూసి, "ఇంతేనా?" అన్నాడు. ఏడిపించడానికి అన్నట్టే అన్నాడు, కొంచెం నవ్వుతూ. ఐసుముక్క నోట్లో కరిగేలోపల వాడు లేడు.

కర్మలన్నీ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. దిండిగల్ నుంచి వచ్చిన మా బావమరిది పోతూ పోతూ "దాహంతో పోయినవాడు బావా, ఇల్లు వదలడు, ఏమన్నా శాంతి చేయించు" అన్నాడు. నేను అతణ్ణి తిట్టి పంపించాను. మా వాణ్ణి దయ్యం చేస్తావా అన్నాను. ఆ రోజు నాకు వచ్చింది కోపమే. భయం కాదు.

ఏడాది తిరగకముందే, చలికాలంలో, సెల్వం వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"అయ్యా, రంగా వేసిన ప్లాన్ ఊరికే పోకూడదు. మేమిద్దరం పోతా ఉండాం. మీరు కూడా వస్తే..."

"ఏడాది లోపల కొండెక్కకూడదంటారు గదా" అన్నాను.

"మీరు అవన్నీ నమ్మరు గదయ్యా" అన్నాడు.

నమ్మను. బయల్దేరాను. పంచె కట్టుకునే బయల్దేరాను.

విజయను రమ్మన్నాం. రానంది. మా ఇంట్లో ఒక మూత బిగించే రాగిచెంబు ఉంది. చిన్నది. ఒక మనిషి గుక్క తిప్పుకోకుండా తాగితే ఒక్కసారికే అయిపోతుంది. దాని నిండా కొళాయి నీళ్ళు పట్టి, మూత బిగించి నా సంచిలో పెట్టింది.

"ఆయన వంతు వచ్చినప్పుడు పోయండి మామా. సగంలో ఆపొద్దు."

అంతే అంది. నేను సరేనన్నాను. అది తృప్తి కోసం అనుకున్నాను. ఆమె తృప్తి, నా తృప్తి.

రైళ్ళు మారి, జీపు ఎక్కి, చివరికి ఆ చోటికి చేరాం. ఎడారి అంటే ఇసుక అనుకున్నాను. ఇసుక తక్కువ. ఎండిపోయిన ముళ్ళచెట్లు, రాళ్ళు, వాటి మధ్య నుంచి ఎర్రగా పైకి లేచిన కొండ. జీపువాడు కిందనే ఆగిపోయాడు. రంగా చెప్పిన నడకదారి వెనకవైపు నిజంగానే ఉంది. నేను మెల్లిగా ఎక్కాను. ఆగుతూ, తిట్టుకుంటూ. వాడు ఫోటోలో చూపించిన నీడబండ కూడా అక్కడే ఉంది. దాని ముందు గచ్చు చేసినట్టు చదునైన బండ. తాడు దిగేది దాని మీదికే. ఇవేమీ వింతలు కావు. ఫోటో చూసి చెప్పినవే.

పొద్దు నడినెత్తికి రాకముందే సెల్వం ఎక్కాడు, కింద మల్లిక తాడు పట్టుకుంది. తర్వాత మల్లిక ఎక్కితే సెల్వం పట్టుకున్నాడు. సెల్వం దిగగానే నేను క్యాన్లోంచి వాడి దోసిట్లో పోశాను. తాగి, చాలు అనడానికి వాళ్ళ తమిళంలో "పోదుమయ్యా" అన్నాడు. మల్లికకు పోశాను. ఆమె కూడా ఆ మాటే అంది. వాళ్ళ దోసిళ్ళలోంచి జారిన నీళ్ళకు బండ మీద నల్లని మరకలు పడ్డాయి. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత తాడు ఖాళీగా వేలాడుతోంది. సెల్వం తాడు వైపు చూడకుండా బూట్ల ముడి విప్పుకుంటున్నాడు.

నేను సంచిలోంచి రాగిచెంబు తీసి మూత తిప్పాను. తాడు కొస దగ్గరికి పోయి, వాడు దోసిలి పడితే ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తు చూసుకుని, చెంబు వంచాను.

పోస్తున్నాను. నీళ్ళు ధారగా పడుతున్నాయి. చెంబు చిన్నది, ఈపాటికి అయిపోవాలి అనుకున్నాను. అయిపోలేదు. సన్నగా పడుతోందేమో అనుకుని ఇంకొంచెం వంచాను. ధార లావైంది. చెంబు బరువు తగ్గలేదు. అప్పుడు కిందికి చూశాను. నా కాళ్ళ ముందు బండ పొడిగా ఉంది. పక్కనే సెల్వం, మల్లిక కార్చిన మరకలు ఇంకా ఆరలేదు. నేను పోస్తున్న చోట మాత్రం దుమ్ము దుమ్ముగానే ఉంది.

ఆపాలనిపించింది. సగంలో ఆపొద్దు అన్న మాట గుర్తొచ్చింది. ఎంతసేపో చెప్పలేను. నా మోచేయి పీకింది. రెండో చెయ్యి కింద ఆసరా పెట్టుకున్నాను. పోస్తూనే ఉన్నాను.

"చాలు నైనా."

గట్టిగా కాదు. నీళ్ళు తాగి ఊపిరి తీసుకుంటూ అన్నట్టు. వాడు చిన్నప్పుడు సునై దగ్గర రెండో చెంబు అయ్యాక అనేవాడే, అట్లా.

నేను చెంబు నిలబెట్టాను.

సెల్వం బూటు చేతిలో పట్టుకుని లేచి నిలబడి ఉన్నాడు. "అయ్యా... ఇప్పుడు మాట్లాడింది..." అని తాడు వైపు చూశాడు. మల్లిక తనకు గొంతు ఏమీ వినబడలేదంది. కానీ నేను పోస్తుంటే నీళ్ళు కింద పడడం చూడలేదని, ఏమైపోతున్నాయో తనకు అర్థంకాలేదని అంది. ఆమె స్కూల్లో డ్రిల్లు టీచరు. కల్పించి చెప్పే మనిషి కాదు. వినబడకపోయినా వినబడింది అనేసి ఉండొచ్చు. అనలేదు. అందుకే ఆమె మాట నేను నమ్ముతాను.

రైల్లో తిరిగి వస్తూ నాతో నేను వాదించుకున్నాను. ఎండ తగిలింది. ముసలి చెవులు. కొడుకు పోయిన మనసు వినాలనుకున్నది వినిపించుకుంటుంది. ఇవన్నీ ఇంకొకడు చెబితే నేను అతనికి చెప్పే సమాధానాలే. అయితే సెల్వం చెవులు ముసలివి కావు. బండ ఇసుక కాదు, నీళ్ళు పీల్చుకోవడానికి. సంచిలో చెంబు బరువుగానే ఉంది. కదిలిస్తే లోపల నీళ్ళ చప్పుడు.

ఇంటికి చేరేసరికి విజయ గడపలో నిలబడి ఉంది. ప్రయాణం ఎట్లా జరిగిందని అడగలేదు. కొండ ఎట్లా ఉందని అడగలేదు.

"అన్నాడా మామా?"

"అన్నాడమ్మా."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా సంచిలోంచి చెంబు తనే తీసి నా చేతికిచ్చి, నా ముందు వంగి దోసిలి పట్టింది. రంగా జబ్బు పడ్డాక ఆమె ఒకరి ఎదుట నీళ్ళు తాగడం నేను చూడలేదు. వాడు పోయాక కూడా ఆమె వంటింట్లో తలుపు చాటుకు పోయే తాగేది.

మూత తీసి పోశాను. కళ్ళు మూసుకుని గడగడా తాగింది. నాలుగు గుక్కలు కాకముందే ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగిపోయింది. ఆమె మోచేతుల మీదుగా కారిన నీళ్ళతో గడప తడిసింది. చిన్న చెంబు. దాంట్లో పట్టేది అంతే. అది నాకు మొదటినుంచీ తెలుసు.

ఆ ఎడారిలో అదే చెంబులోంచి అంతసేపు ఏం పోశానో, ఎవరికి పోశానో నేను చెప్పలేను. నాకు తెలిసిన ఏ లెక్కలోనూ అది ఇమడలేదు. ఇప్పటికీ దయ్యాల మాట ఎత్తితే నాకు కోపమే వస్తుంది. ఆ గొంతును ఆ పేరుతో పిలవనివ్వను.

విజయ దోసిలి ఇంకా అట్లాగే పట్టుకుని ఉంది. చాలు అనలేదు.

"తెస్తా ఉండానమ్మా" అని నేను వంటింట్లోకి పోయాను.